ఎనిమిదో ఏటి అచ్చు

జూన్ 9

బుల్లీ,

ఈ డబ్బాలో దూది మధ్య ఉన్నవి నీ మేనకోడలి పళ్ళు. కంగారుపడకు, అసలువి దాని నోట్లోనే ఉన్నాయి. ఇవి డాక్టరమ్మ తీసిన ప్లాస్టరు అచ్చులు, పైవరసది ఒకటి, కిందివరసది ఒకటి. పళ్ళు సరిచేసే ప్లేటు తనకు తెలిసిన ల్యాబులో చేయిస్తానని ఆవిడ అంటుంటే, "మా ఆడపడుచుకే ల్యాబు ఉందండీ, మా మావగారి కాలం నుంచీ పళ్ళ సెట్లు చేస్తున్నారు" అని గొప్పలు పోయాను. ఇక నా పరువు నీ చేతుల్లో ఉంది.

సంగతేమిటంటే, పోయిన నెల బడిలో పిల్లలందరికీ పళ్ళ పరీక్ష చేసి, మనదానికి ఒక చీటీ ఇచ్చి పంపారు. పుచ్చుపన్ను అయ్యుంటుందనుకుని తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాన్ని కుర్చీలో పడుకోబెట్టి, గడ్డం కింద వేలు ఆనించి, "మెల్లిగా నోరు మూయమ్మా" అంది. ముందు పళ్ళు సూటిగానే తగిలాయి. అక్కడ కుదరక కింది దవడ కాస్త ఎడమకి జారి, అప్పుడు కూర్చుంది. "చూశారా?" అంది డాక్టరమ్మ. చూశాను. పన్నెండేళ్ళు రోజూ చూశాను. మీ అన్నయ్య నోరు మూసినా అదే కదా జరిగేది.

పాప పై దవడ ఇరుకుగా ఉందట. ఎడమవైపు పై పళ్ళు కింది పళ్ళకి బయటగా పడాల్సింది, లోపలికి పడుతున్నాయట. ఎనిమిదేళ్ళకి ఎముక లేతగా ఉంటుంది కాబట్టి, మధ్యలో స్క్రూ ఉన్న ప్లేటు పెట్టి మెల్లిగా వెడల్పు చేయొచ్చట. ఇప్పుడు వదిలేస్తే దవడ ఆ వంకరలోనే పెరిగి, పెద్దయ్యాక ఆపరేషన్ దాకా పోవచ్చట. నేను తల ఊపుతూనే ఉన్నాను గానీ సగం చెవికెక్కలేదు. పాప మాత్రం ఇంటికొచ్చేదాకా నోరు మూస్తూ తెరుస్తూ ఆ జారడాన్ని పరీక్షించుకుంటూనే ఉంది.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు అచ్చం ఆయన గొంతులా వినిపిస్తుంది బుల్లీ. మనిషి పోయి రెండేళ్ళయినా, నువ్వు "హలో" అనగానే నాకు ఫోను పెట్టేయాలనిపిస్తుంది. కాగితం మీదైతే నువ్వు నువ్వుగానే ఉంటావు. కోపం తెచ్చుకోకు.

కళ్ళజోళ్ళ షాపులో నా పని ఎప్పటిలాగే ఉంది. ఈ వారం ఒక పెద్దాయన ఫ్రేము వంకరగా ఉందని గొడవ పెట్టుకున్నాడు. ఫ్రేము సూటిగానే ఉంది, ఆయన చెవులే ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. ఆ మాట మొహం మీద చెప్పలేక, మంచి ఫ్రేముని వేడి చేసి వంకర చేసి ఇచ్చాను. సంతోషంగా వెళ్ళాడు.

మీ వదిన

జూన్ 16

వదినా,

డబ్బా అందింది. ఒక్క పన్ను కూడా విరగలేదు. దూది కూరడంలో నీ తర్వాతే ఎవరైనా.

అచ్చులు రెండూ బల్ల మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి మూసి చూశాను. అన్నయ్య నా ఎదురుగా కూర్చుని నోరు మూసుకున్నట్టే ఉంది.

మా నాన్న అలవాటు నీకు ఎప్పుడైనా చెప్పానా? పిల్లలు ఎంత పొడవయ్యారో చూసుకోవడానికి మిగతా ఇళ్ళలో గోడ మీద గీతలు గీస్తారు. మా నాన్న పుట్టినరోజు నాడు మమ్మల్ని ల్యాబులో స్టూలెక్కించి, నోట్లో చల్లటి ముద్ద కూరి, పళ్ళ అచ్చు తీసేవాడు. చాక్లెట్లు ఆ తర్వాతే. ఆరో ఏటి నుంచి పద్దెనిమిదో ఏటి దాకా అన్నయ్యవి పదమూడు జతలు పై అరలో వరసగా ఉన్నాయి. నావీ ఉన్నాయిలే, కుందేలు పళ్ళు, వాటిని చూసేవాళ్ళెవరు?

అన్నయ్య ఎనిమిదో ఏటిది కిందికి దించాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు దుమ్ము. పాపం అనిపించి నీళ్ళ తొట్టిలో వేసి, బ్రష్షుతో శుభ్రంగా కడిగి, పాప అచ్చు పక్కన పెట్టాను. అచ్చు గుద్దినట్టు ఉన్నాయి వదినా, తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే వయసులో పక్కపక్కన. ఫొటో తీసి పంపుదామనుకున్నాను. నువ్వేమైపోతావోనని మానేశాను.

నాన్న ఆ అచ్చుల్ని ఏటేటా చూశాడు. ఎంతమంది నోళ్ళు బాగుచేసిన మనిషి, కొడుకు దగ్గరకొచ్చేసరికి "పాలపళ్ళు ఊడితే అదే సర్దుకుంటుందిలే" అన్నాడు. సర్దుకోలేదు. ఆ పదమూడు జతల్నీ వరసగా చూస్తే గడ్డం ఏ ఏటికాయేడు పక్కకి పోవడం తెలుస్తుంది. నా మేనకోడలికి అలా కానివ్వను. ఈ ప్లేటు నేనే చేస్తాను, ల్యాబులో ఇంకెవరినీ ముట్టుకోనివ్వను. దానికి ఆకుపచ్చ ఇష్టం కదా, ఆ రంగులోనే చేస్తాను. పని గుట్టలా పడి ఉంది కాబట్టి మూడు నాలుగు వారాలు ఓపిక పట్టు.

నీ గొంతు వినకుండా ఉండటం నాకు కష్టమే. అయినా సరే, నీ మాట మీదే ఉంటాను.

బుల్లి

జూలై 14

బుల్లీ,

ప్లేటు చూసి డాక్టరమ్మ "ఎంత నీటుగా చేశారండీ" అంది. నేనే చేసినట్టు సిగ్గుపడ్డాను.

నోట్లో పెడితే మాత్రం సరిగ్గా కూర్చోలేదు. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తోంది. కొలత తీసి నెల దాటింది, ఈలోగా ఒక పాలపన్ను కూడా ఊడింది, దానివల్లే అయ్యుంటుందని డాక్టరమ్మ అక్కడక్కడా అరగదీసి, తీగలు వంచి బిగించింది. నేను షాపులో రోజూ చేసే పనే కాబట్టి నాకూ వింతగా అనిపించలేదు.

పాప దాన్ని పెట్టుకుని, అద్దంలో చూసుకుని, చేతిలోకి తీసి, "అమ్మా, ఇది నాది కాదు" అంది.

డాక్టరమ్మ నవ్వేసింది. "మొదటిరోజు అందరూ ఆ మాటే అంటారు. వారంలో అలవాటైపోతుంది."

ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి, బడి పుస్తకాలు పక్కన పెట్టించి కీ తిప్పుతున్నాను. స్క్రూ చిల్లులో సన్నటి పిన్నులాంటి ఆ కీ గుచ్చి, బాణం గుర్తు ఎటుంటే అటు పావు చుట్టు. కళ్ళద్దాల మరలు బిగించిన చెయ్యి కాబట్టి తేలికనుకున్నాను. కన్నకూతురి నోట్లో పెట్టేది కదా, చిల్లు దొరకడానికే రెండు మూడుసార్లు గుచ్చి చూడాల్సొస్తోంది.

ఇంకో మాట. దాన్ని పెట్టుకుంటే నోట్లో ఇంకెవరో ఉన్నట్టుందని అంటోంది. "ఎవరే?" అన్నాను. "తెలీదు. నాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు" అంది. పిల్లలు ఏవేవో అంటారులే. నీకు నవ్వొస్తుందని రాశాను.

మీ వదిన

జూలై 22

వదినా,

నవ్వొచ్చింది. కథలల్లడం మేనత్త పోలికే. చిన్నప్పుడు నేను మా లెక్కల మాస్టారి కట్టుడుపళ్ళు రాత్రిళ్ళు మా బల్ల మీద మాట్లాడుకుంటాయని బడంతా ప్రచారం చేశాను. ఆయన మా ల్యాబుకి రావడమే మానేశాడు.

ఇప్పుడు పని సంగతి. ప్లేటు మొదట్లో నొప్పి పెడుతుంది, అది మామూలే. పిల్లలు తీసేయమంటారు, ఏడుస్తారు, అలుగుతారు. నువ్వు మెత్తనిదానివి, దాని కళ్ళలో నీళ్ళు చూస్తే కరిగిపోతావు. ఇక్కడ మాత్రం కరగొద్దు. పళ్ళు తోముకునేటప్పుడు తప్ప తీయనివ్వకు. ఎక్కకపోతే రెండు బొటనవేళ్ళతో నొక్కి పెట్టు. దానికి ఇప్పుడు నువ్వు చేసే మేలు, పెద్దయ్యాక ఏ డాక్టరూ చేయలేడు. మా ఇంట్లో ఒకరి మీద జాలిపడి ఊరుకున్నారు, ఏమైందో చూశాం కదా.

నోట్లో ఉన్నదెవరో కనుక్కుని, ఈసారి పేరు అడిగి రాయమను.

బుల్లి

ఆగస్టు 11

బుల్లీ,

నాకు మతి చలించిందని అనుకోకు. అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

పాప ఎడమ కణత రుద్దుకుంటోంది. రెండు వేళ్ళతో, చిన్న చిన్న చుట్లుగా. మీ అన్నయ్య లిఫ్టులు బాగుచేసి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ అలాగే రుద్దుకునేవారు. ఆయన పోయేనాటికి దానికి ఆరేళ్ళు. ఆ రుద్దడం దానికి గుర్తుండదని అనను. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు వచ్చింది? భోజనం కుడివైపే నములుతోంది, తల ఒక పక్కకి వంచి. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నమిలినప్పుడు చెవి దగ్గర టక్కుమంటోంది, ఆయనకి అన్నట్టే.

మొన్న మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. ముందుగదిలో ఆ టక్కు వినిపించింది. "వచ్చారా?" అన్నాను. అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. వెళ్ళి చూస్తే పాప ఒక్కతే ఉంది, చేతిలో బిస్కట్టు. "ఎవరు రావాలమ్మా?" అంది.

అది ఆ ప్లేటు పెట్టుకున్నప్పటి నుంచీ మా రెండు గదుల్లో ఒక మనిషి ఎక్కువైనట్టుంది. భయమేస్తోందని రాయడానికి సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే భయంతో పాటు సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషమే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

పాప అంగిట్లో పుండు పడింది. కీ తిప్పేకొద్దీ ప్లేటు బిగుతై, పైకెక్కనని మొండికేస్తోంది. అది ఏడుస్తుంటే నువ్వు చెప్పినట్టే రెండు బొటనవేళ్ళతో నొక్కి పెడుతున్నాను. మొన్న నా చేతులు పట్టుకుని "నాది కాదమ్మా, నిజంగా నాది కాదు" అని బతిమాలింది. నువ్వు చేసింది ఒకసారి సరిచూస్తావా? ఎక్కడో తప్పు పడి ఉంటుందేమో.

మీ వదిన

ఆగస్టు 17

వదినా,

నా పనిలో తప్పు వెతుకుతావని కలలో కూడా అనుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల ముందు కూర్చున్నాను. ఇన్ని ఊళ్ళ డాక్టర్లు కళ్ళు మూసుకుని నాకు పని పంపుతారు. సొంత మేనకోడలి పనిలో తప్పు చేస్తానా?

నేనూ ఒక మాట అడుగుతాను, ఒట్టు పెట్టుకుని చెప్పు. కీ నిజంగా తిప్పుతున్నావా? తిప్పితే దవడ వెడల్పవ్వాలి, నొప్పి తగ్గాలి. తగ్గలేదంటే తిప్పడం లేదన్నమాట. నిన్ను తప్పుపట్టను, నాకు అర్థమవుతుంది. ఆ మొహంలో అన్నయ్య కనిపిస్తున్నాడు. అది సూటిగా అయిపోతే ఆయన పోతాడు. అందుకే కణతలూ టక్కులూ నీకు కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి.

నాకు మాత్రం అన్నయ్య కాడా? నేను మాత్రం ఏడవలేదా? కానీ పోయినవాడి కోసం ఉన్నదాని దవడ పాడుచేస్తానంటే నేను ఒప్పుకోను.

ఈ ఉత్తరం చదివి నీకు ఒళ్ళు మండుతుంది. మండనీ.

బుల్లి

ఆగస్టు 23

ఆడపడుచు గారికి,

పది వారాల్లో నా గురించి ఎంత బాగా తెలుసుకున్నావు!

ఒక్క ఆదివారం తప్పలేదు, ఒక్క బుధవారం తప్పలేదు. ప్లేటు మధ్యలో చీలిక ఎంత తెరుచుకుందో డాక్టరమ్మే కొలిచి చూసింది. నేను తిప్పినంతా తెరుచుకుంది. పాప దవడ మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "ప్లేటు ఒక దారిన పోతోంది, పాప నోరు ఒక దారిన పోతోంది, ఇలా నేనెప్పుడూ చూడలేదు" అంది ఆవిడ. పెట్టడం ఆపేయమంది. పుండు మానేదాకా ఆగి కొత్త కొలత తీసింది. ఆ అచ్చూ, నీ ప్లేటూ రెండూ ఈ డబ్బాలో ఉన్నాయి.

ఇరవై ఏళ్ళ అనుభవంతో నువ్వే చూసి చెప్పు.

(సంతకం పెట్టాలని కూడా లేదు.)

ఆగస్టు 29

వదినా,

కూర్చుని రాయలేక నిలబడి రాస్తున్నాను.

నీ డబ్బా విప్పి, ప్లేటు తీసి డాక్టరమ్మ కొత్త అచ్చు మీద పెట్టాను. ఊగింది. తిప్పిన స్క్రూ అంతా వెనక్కి తిప్పి, జూన్‌లో నువ్వు పంపిన అచ్చు మీద పెట్టాను. ఊగింది. అప్పుడు ఆ అచ్చుని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూశాను. మేము ఏ అచ్చు మీద ప్లేటు చేస్తే దాని మీద గుర్తులు మిగులుతాయి. తీగలు వంచడానికి గీసిన పెన్సిలు గీతలు, మైనం మరకలు, ప్లేటు ఊడదీసేటప్పుడు పడే గాట్లు. పాప అచ్చు మీద ఒక్క గీత కూడా లేదు. నువ్వు దూదిలో పెట్టి పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

పై అర వైపు చూడటానికి నాకు చాలాసేపు పట్టింది. అన్నయ్య ఎనిమిదో ఏటి అచ్చు దించాను. దాని నిండా నా పెన్సిలు గీతలే. పాప ప్లేటు తెచ్చి దాని మీద ఆనించాను. నొక్కాల్సిన అవసరం కూడా లేకపోయింది. దానంతటదే కూర్చుంది.

ప్లేటు చేసేముందు అచ్చుని నీళ్ళలో నానబెట్టడం మా పద్ధతి. పాపది పని కోసం తొట్టిలో వేశాను. అన్నయ్యది కడగడానికి అదే తొట్టిలో వేశాను. అడుగున సిరాతో రాసిన తేదీలు నీళ్ళలో మసకబారాయి. చేతికొచ్చింది తీసి పని మొదలుపెట్టాను. ఇలా చెప్తే విన్నవాళ్ళు పొరపాటంటారు. నీకు మాత్రం మిగతాది కూడా చెప్తాను. కొత్త ప్లాస్టరు తెల్లగా ఉంటుంది, పాతది కాస్త పసుపు తేలుతుంది. ఆ తేడా నాకు తెలియదా? కనిపించింది. కనిపించినా చెయ్యి ఆగలేదు. నాన్న ఆ ఏడు చేయాల్సిన ప్లేటుని ఇన్నేళ్ళకి నేను చేశాను. చేస్తున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వీడికింక తలనొప్పి ఉండదు అనుకున్నాను. "వీడికి" అనే అనుకున్నాను వదినా. అప్పుడు కూడా ఆగలేదు.

పాప మొదటిరోజే సరిగ్గా చెప్పింది. అది దానిది కాదు. నోట్లో ఎవరో ఉన్నారంటే నేను నవ్వాను, పేరు అడగమన్నాను. తండ్రి ఎనిమిదో ఏటి నోటిని తెచ్చి దాని నోట్లో పెట్టి, నీ బొటనవేళ్ళతో నొక్కించాను. తప్పంతా నాదే. పైగా నిన్ను అన్న మాటలు తలుచుకుంటే నా నోటికి తాళం వేసుకోవాలనిపిస్తోంది.

కొత్త అచ్చు మీద ఇంకో ప్లేటు చేశాను. మా ల్యాబులో పనిచేసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి అడుగూ చూపించి చేశాను. దీనితో పంపుతున్నాను. తిట్టు, కానీ పాపకి పెట్టించు.

నీ బుల్లి

సెప్టెంబరు 8

బుల్లీ,

నీ డబ్బా విప్పలేదు. బీరువా పైన పెట్టేశాను. డాక్టరమ్మకి వచ్చే నెల చూద్దామని కబురు పంపాను. వచ్చే నెల కూడా అదే చెప్తానేమో.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తీరా రాయబోతే తిట్లు రావడం లేదు. పాపకి మాత్రం క్షమాపణ చెప్పుకున్నాను. "నువ్వు నాది కాదన్నావు, నేను వినలేదు" అన్నాను. అది పెద్ద ఆరిందాలా "పోనీలే అమ్మా" అని, "మరి ఎవరిది?" అంది. చెప్పాను, ఏం చేయను. అది భయపడుతుందనుకున్నాను. "నాన్న నోరు కూడా నాదంతే ఉండేదా?" అంది.

ఇంక దాని నోట్లో ఏమీ పెట్టించను బుల్లీ. దవడ వంకరైతే అవుతుంది. ఆయన దవడ వంకరే కదా, ఏం లోటొచ్చింది? ఆ వంకర నవ్వు చూసే కదా నేను చేసుకున్నాను. కణత రుద్దుకోవడం ఇంకా పూర్తిగా మానలేదు. రుద్దుకుంటూ కిటికీ దగ్గర నిలబడితే వెనక నుంచి చూస్తూ ఉండిపోతున్నాను. షాపుకి ఆలస్యమవుతోందని రెండుసార్లు మాట పడ్డాను.

మీ వదిన

సెప్టెంబరు 15

వదినా,

నా చేతి ప్లేటు నమ్మకపోతే పారేయి. డాక్టరమ్మకి తెలిసిన ల్యాబులో చేయించు. నన్ను జన్మలో క్షమించకు. కానీ మానేయొద్దు.

ఏం లోటొచ్చిందని రాశావు. అన్నయ్య నాతో ఒట్టు వేయించుకున్న మాట ఒకటుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

పద్నాలుగో ఏట తనే నాన్న దగ్గరికి వచ్చి, "దీన్ని సరిచేయవా నాన్నా, నొప్పిగా ఉంటోంది" అని అడిగాడు. నేను అక్కడే మైనం కరగబెడుతున్నాను. నాన్న దవడ పట్టుకుని చూసి, "ఇప్పుడు ఆలస్యమైందిరా" అన్నాడు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. అన్నయ్య ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు.

మీ పెళ్ళయిన కొత్తలో ల్యాబుకి వచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? "మీ వదినకి నా నవ్వు పక్కకి పోవడం ఇష్టమట. నవ్వితే చెవి దాకా సలుపుతుందని చెప్పకు, పాపం నవ్వించడం మానేస్తుంది." నేను ఒట్టేశాను. మాత్రలు పనిముట్ల పెట్టెలో దాచుకునేవాడు. పనికి వెళ్ళేముందు ఒకటి, ఇంటికొచ్చేముందు ఒకటి. ఇంటికొచ్చేముందు ఎందుకంటే, నువ్వు నవ్విస్తావని.

ఇది రాసి నీకు మిగిలిన ఒక్కటీ పాడుచేస్తున్నానని తెలుసు. పాప కోసం పాడుచేస్తున్నాను.

బుల్లి

జనవరి 18

బుల్లీ,

నాలుగు నెలలు నీకు జవాబు రాయలేదు. నీ మీద కోపంతో కొన్నాళ్ళు, నా మీద కోపంతో మిగతా అన్నాళ్ళు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన పనిముట్ల పెట్టె తెరిచాను. రెండేళ్ళుగా మంచం కిందే ఉంది. స్పానర్లు పైన, మాత్రల అట్టలు అడుగున. అన్నీ ఖాళీవే. ఒక్కటే సగం ఉంది. అది చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పాప బడి నుంచి వచ్చి తలుపు కొడితే లేచాను.

మర్నాడే డబ్బా దించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసారి ఆవిడ అరగదీయలేదు, తీగలు వంచలేదు. పాప నాలుకతో లోపలంతా తడిమి చూసుకుని, "ఇందులో ఎవరూ లేరు, నేనే ఉన్నాను" అంది. పది రోజుల్లో కణత రుద్దుకోవడం పోయింది. నవ్వితే చెయ్యి అడ్డం రావడం పోయింది. భోజనం దగ్గర ఆ చప్పుడు కూడా పోయింది. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు నేను చెప్పేది విని నన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకో. ఆగస్టులో నువ్వు నా మీద వేసిన నింద, అప్పుడు అబద్ధం. అక్టోబరులో నేను దాన్ని నిజం చేశాను. రెండు వారాలు కీ తిప్పలేదు. పాప నోరు తెరిచి కూర్చునేది. కీ గుచ్చి, తిప్పినట్టు నటించి, తీసేసేదాన్ని. నాలుగుసార్లు అలా చేశాను. ప్రతిసారీ అది నోరు మూసుకుని "అయిపోయిందా? బాగా కూర్చున్నాను కదా?" అని మెప్పు కోసం చూసేది. "బంగారు తల్లివి" అనేదాన్ని.

ఐదోసారి చేతిలో కీ ఉంది, అది నోరు తెరిచి కళ్ళు మూసుకుంది. నన్నంత నమ్మి కళ్ళు మూసుకుంది. ఆ నవ్వు ఆయన నొప్పి బుల్లీ. పన్నెండేళ్ళు ఎదురుగా కూర్చుని ఆ నొప్పిని చూసి మురిసిపోయాను, ఇంకొంచెం నవ్వమని సతాయించాను. నా కోసం ఆయన దాన్ని దాచారు. ఇప్పుడు నా కోసం ఈ పిల్లని కూడా భరించమంటున్నాను. తిప్పాను. ఆ పావు చుట్టు తిప్పడానికి నాకు పట్టినంత బలం జీవితంలో ఇంకే పనికీ పట్టలేదు. ఆ తర్వాత ఒక్కటీ ఎగ్గొట్టలేదు.

డిసెంబరు చివర్లో డాక్టరమ్మ తిప్పడం చాలంది. సరిపోయినంత వెడల్పయిందట. ఉన్నది మళ్ళీ ఇరుకవకుండా ఇంకో ఆరు నెలలు ప్లేటు అలాగే పెట్టుకోవాలట.

నిన్న మధ్యాహ్నం బడి నుంచి పాప నేరుగా షాపుకి వచ్చింది. బేరాలు పల్చగా ఉన్నాయి. కొత్తగా వచ్చిన పిల్లల ఫ్రేములు ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. నాకు అలవాటు కదా, ఒక ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో అని మొహం మధ్య గీత చూశాను. కనుబొమ్మల మధ్య, ముక్కు, పై పెదవి, గడ్డం. అన్నీ ఒకే గీతలో ఉన్నాయి. మళ్ళీ చూశాను. నోరు మూయమన్నాను, తెరవమన్నాను, మళ్ళీ మూయమన్నాను. ఎటూ పోలేదు. ఆ మొహంలో ఎంత వెతికినా ఆయన దొరకలేదు.

అద్దంలోంచి నన్నే చూస్తోంది. "ఇప్పుడు నేను నాన్నలా లేను కదా?" అంది.

"లేవు" అన్నాను.

"మరి ఎందుకు తిప్పావు?"

"నీకు నొప్పి ఉండకూడదని."

"నాన్నకి ఉండేదా?"

"ఉండేది. అప్పుడు నాకు తెలీదు" అన్నాను. ఆ మాట ఇన్నాళ్ళలో మొదటిసారి పైకి అన్నాను. పాప ఫ్రేము తీసి, దాని రెండు కాడలూ జాగ్రత్తగా మడిచి, నా చేతికిచ్చి, నా నడుము చుట్టూ చేతులు వేసింది. ఆయన పోయిన రోజు ఇంటినిండా జనం ఉన్నా నాకు ఏడుపు రాలేదని నీకు తెలుసు, అప్పుడు నువ్వే కంగారుపడ్డావు. నిన్న షాపులో కొన్నవాళ్ళ ముందు, కొనడానికొచ్చినవాళ్ళ ముందు నిలబడి ఏడ్చాను.

మీ వదిన